ముగ్గురికీ ఒకే సాయంత్రం

ప్రశ్న: మా ఇంట్లో తొమ్మిదేళ్ల రాజా అనే మగ కుక్క, నాలుగేళ్ల వెన్నెల అనే ఆడ పిల్లి ఉన్నాయి. నాలుగు నెలల క్రితం బుజ్జి అనే ఆడ కుక్కపిల్లను తెచ్చుకున్నాం. దానికిప్పుడు ఆరు నెలలు. నేను ఉద్యోగం నుంచి ఇంటికి రాగానే బుజ్జి నా మీదికి ఎగబడుతుంది. ఇదివరకు తలుపు దగ్గరే కాచుకుని ఉండే రాజా ఇప్పుడు రెండడుగులు వేసి, మళ్లీ తన మూలకే వెళ్లి పడుకుంటున్నాడు. వెన్నెల బీరువా మీదనుంచి దిగడమే తగ్గించేసింది. ఈ నెలలో రెండుసార్లు నా పక్క మీద మూత్రం పోసింది. సాయంత్రం నాకు దొరికేది గంటన్నర. ముగ్గురికీ తలా అరగంట కేటాయించి చూశాను. రాజాతో కూర్చుంటే బుజ్జి మధ్యలో దూరుతుంది. వెన్నెల దగ్గరికి వెళ్తే రెండు కుక్కలూ వెంట వస్తాయి. పెద్ద కుక్కను నాయకుడిగా నిలబెట్టి అన్నీ ముందు వాడికే ఇస్తే మిగతావి సర్దుకుంటాయని తెలిసినవారు అంటున్నారు. మూడో ప్రాణిని తెచ్చి తప్పు చేశానా?

సమాధానం: మీరు మూడు ప్రాణులనూ "ముగ్గురు" అని రాశారు కనుక నేనూ అలాగే రాస్తాను. అయితే ఆ ముగ్గురికీ సమయం ఎలా పంచాలన్న మాటకు వచ్చేముందు, మీ ఉత్తరంలో రెండు సంగతులు నన్ను ఆపాయి. వాటిని మీరు మనసుకు సంబంధించినవిగా భావించారు. నేను ముందు ఒంటికి సంబంధించినవేమో చూడమంటాను.

మొదటిది వెన్నెల పక్క తడపడం. దీన్ని చాలామంది అలకగానో కక్షగానో అర్థం చేసుకుని పిల్లిని కోప్పడతారు. పిల్లికి మూత్రాశయం వాచినప్పుడు, లోపల రాళ్లు ఏర్పడినప్పుడు మూత్రం పోయడం నొప్పిగా ఉంటుంది. ఆ నొప్పిని అది లిట్టర్ ట్రేతో, అంటే మలమూత్రాల కోసం ఇంట్లో పెట్టే ఇసుక పళ్లెంతో, ముడిపెట్టుకుని, మెత్తగా ఉండే మరో చోటు వెతుక్కుంటుంది. ఇన్‌ఫెక్షనూ రాళ్లూ ఏమీ లేకుండా, కేవలం ఒత్తిడి వల్ల కూడా పిల్లుల్లో మూత్రాశయం వాస్తుంది కాబట్టి, ఇంట్లోకి కుక్కపిల్ల రావడానికీ ఈ తడపడానికీ సంబంధం ఉన్నా ఉండవచ్చు. కానీ ఆ మాట పరీక్ష చేసిన తర్వాత పశువైద్యులు చెప్పవలసినదే తప్ప మనం ఊహించుకోవలసినది కాదు. ఏ పిల్లి అయినా ట్రేలో పదేపదే కూర్చుని ముక్కుతూ చుక్క కూడా పోయలేకపోతుంటే ఒక్క పూట కూడా ఆగకూడదు. మగ పిల్లుల్లో మూత్రనాళం మూసుకుపోవడం ఎక్కువ. అది ఒకటి రెండు రోజుల్లోనే ప్రాణం మీదికి వస్తుంది.

రెండోది రాజా వెనక్కి తగ్గడం. తొమ్మిదేళ్లంటే చాలా కుక్కలకు వయసు మీద పడిన కాలమే. లేవబోయేటప్పుడు ముందు కాళ్ల మీద బరువు వేసి ఒక్క క్షణం ఆగుతున్నాడా, మెట్ల దగ్గర తటపటాయిస్తున్నాడా, ఒకే కీలును పదేపదే నాకుతున్నాడా, నమిలేటప్పుడు తల ఒక పక్కకు వంచుతున్నాడా గమనించండి. కీళ్ల నొప్పి ఉన్న కుక్కకు మీదపడి ఆడే పిల్లకుక్క సరదా కాదు, శిక్ష. వినికిడి మందగించి ఉండే అవకాశమూ ఉంది. అదే నిజమైతే మీరు తలుపు తీసిన చప్పుడు వాడికి తెలిసేసరికే బుజ్జి మీ ఒళ్లో ఉంటుంది. వచ్చిన రెండడుగులూ ఆలస్యంగా వచ్చిన అడుగులే తప్ప అలిగి వెనుదిరిగిన అడుగులు కాకపోవచ్చు.

ఇద్దరికీ ఒంట్లో బాగానే ఉందని తేలిందనుకుందాం. ఇక మీ అరగంటల లెక్క సంగతి.

ఆ లెక్క కుదరకపోవడానికి మీ ఓపిక కారణం కాదు. జంతువులు తాము ఆప్యాయతగా భావించేదాన్ని ఒకే కొలపాత్రతో కొలవవు. వెన్నెలకు అరగంట పాటు మనిషి దగ్గర కూర్చోవడమంటే నిర్బంధం. దానికి రోజుకు మూడుసార్లు ఐదేసి నిమిషాలు చాలా పెద్ద కానుక. ఆరు నెలల బుజ్జి మనసు ఏ పని మీదా ఐదు నిమిషాలు మించి నిలవదు. రాజాకు మాత్రం ఒక్కటే పొడవైన సమయం, తొందరపెట్టేవాళ్లు లేని సమయం కావాలి. పైగా మీరు తలా అరగంట ఇచ్చినప్పుడు మిగతా ఇద్దరూ అదే గదిలో ఉన్నారు. అది ఎవరికీ విడిగా ఇచ్చినట్టు కాదు. అదంతా గుంపులో గోవిందా. రాజా చెవి వెనుక మీ చెయ్యి, మీ మోచేతి కింద బుజ్జి మూతి, మీ గొంతులో "ఉండవే, ఉండు" అన్న విసుగు: ఇందులో రాజాకు అందిందల్లా ఆ విసుగే అయి ఉంటుంది.

కుక్కలు ఇలాంటి తేడాలను గమనిస్తాయా అంటే, గమనిస్తాయి. ఆస్ట్రియాలోని వియన్నా విశ్వవిద్యాలయంలో ఫ్రీడెరికె రాంగె బృందం 2008లో ప్రచురించిన ప్రయోగంలో రెండు కుక్కలను పక్కపక్కన కూర్చోబెట్టి చెయ్యి ఇవ్వమని అడిగారు. ఒకదానికి తాయిలం ఇచ్చి, రెండోదానికి ఏమీ ఇవ్వకపోతే ఆ రెండో కుక్క కాసేపటికి చెయ్యి ఇవ్వడం మానేసింది. పక్కన మరో కుక్క లేకుండా, తాయిలం లేకుండా అడిగినప్పుడు మాత్రం అదే కుక్క ఇంకా చాలాసేపు ఇస్తూ వచ్చింది. నాకు ఇంతకంటే ఆసక్తిగా తోచిన విషయం అందులోనే మరొకటి ఉంది. ఒకదానికి సాసేజి, రెండోదానికి రొట్టెముక్క ఇచ్చినప్పుడు కుక్కలు పట్టించుకోలేదు. అంటే ఆ ప్రయోగంలో కుక్కలను కదిలించినది ఎక్కువ తక్కువల తేడా కాదు, తనకు బొత్తిగా ఏమీ దక్కకపోవడం. కాలిఫోర్నియాలో క్రిస్టీన్ హారిస్, కరోలిన్ ప్రూవోస్ట్ 2014లో ప్రచురించిన మరో ప్రయోగంలో, యజమాని కదిలే బొమ్మకుక్కను ముద్దు చేస్తుంటే అసలు కుక్కలు మధ్యలో దూరి, మనిషినీ బొమ్మనూ తోసేందుకు ప్రయత్నించాయి. యజమాని పుస్తకం చదువుతుంటే అంతగా పట్టించుకోలేదు. మీ బుజ్జి చేస్తున్నది సరిగ్గా ఇదే, కనుక దాన్ని చెడ్డ కుక్క అనుకోకండి.

కాబట్టి మీరు నిమిషాలను సమానం చేయడానికి తంటాలు పడనవసరం లేదు. ఒకరితో ఉన్నప్పుడు మిగతావారు ఖాళీగా, చూస్తూ మిగలకుండా ఉంటే చాలు. పని తేలికవుతుంది.

నాయకుడి సలహా గురించి కూడా ఇక్కడే చెప్పాలి. తోడేళ్ల గుంపులో పెత్తనం కోసం నిత్యం పోరు జరుగుతుందన్న అభిప్రాయం, 1947లో రుడాల్ఫ్ షెంకెల్ బంధించి ఉంచిన తోడేళ్లను చూసి రాసిన రాతల నుంచి బాగా వ్యాపించింది. స్వేచ్ఛగా తిరిగే తోడేళ్లను ఏళ్ల తరబడి పరిశీలించిన డేవిడ్ మీచ్, ఆ గుంపు సాధారణంగా తల్లీతండ్రీ పిల్లలతో కూడిన కుటుంబమేనని 1999లో వివరించారు. తోడేళ్ల విషయంలోనే నిలవని మాటను కుక్కకూ కుక్కపిల్లకూ పిల్లికీ వర్తింపజేసి, రాజాను సింహాసనం ఎక్కించవలసిన పని లేదు. వాడికి పెత్తనం అక్కర్లేదు, ప్రశాంతత కావాలి. గిన్నెలు పెట్టడంలో రోజూ ఒకే వరుస పాటించడం మాత్రం మంచిదే. ఎవరికి ఎప్పుడు వస్తుందో తెలిస్తే తొక్కిసలాట తగ్గుతుంది.

ఇక మీ గంటన్నరను చేతిలోకి తీసుకుందాం. ఇంట్లోకి రాగానే ముందు బుజ్జిని బయటికి తీసుకెళ్లండి. అది ఎగబడుతుంది కాబట్టి కాదు. మిగతా ఇద్దరూ ఆగగలిగినంతసేపు దాని మూత్రాశయం ఆగలేదు కాబట్టి. నాలుగు కాళ్లూ నేల మీద ఉన్నప్పుడే దాన్ని పలకరించండి, ఎగిరినప్పుడు నిశ్శబ్దంగా పక్కకు తిరగండి. వారం పది రోజులు ఇంట్లో అందరూ ఒకే తీరుగా చేస్తేనే ఇది పనిచేస్తుంది. ఒక్కరు ఎత్తుకుని ముద్దాడితే మళ్లీ మొదటికి వస్తుంది. బయటినుంచి రాగానే ఐదు నిమిషాలు "కూర్చో", "ఆగు" లాంటివి నేర్పించి, నమలడానికి గట్టి రబ్బరు బొమ్మలో కొంచెం తిండి కూరి ఇచ్చి, తలుపు మూసిన గదిలోనో అడ్డు గేటు వెనుకనో ఉంచండి. పిల్ల జంతువులకు ఆటకంటే నిద్ర ఎక్కువ అవసరం. నమిలి నమిలి అలిసి నిద్రపోతుంది. మొదట్లో ఏడిస్తే, తలుపు మూసే వ్యవధి రెండు నిమిషాలతో మొదలుపెట్టి మెల్లగా పెంచండి. ఒక్కసారిగా అరగంట బంధిస్తే ఆ గదే దానికి శత్రువవుతుంది.

అప్పుడు రాజా వంతు. ఇక్కడ నా సొంత అనుభవం ఒకటి చెప్పనివ్వండి. మా ఇంట్లో ఒకప్పుడు రెండు కుక్కలు ఉండేవి, రెండింటినీ ఎప్పుడూ కలిపే షికారుకు తీసుకెళ్లేవాణ్ణి, ఇద్దరికీ సమానంగా చేస్తున్నానని నాకు కొంచెం గర్వం కూడా ఉండేది. ఒకసారి చిన్నదాని పాదం కోసుకుపోవడంతో పెద్దదాన్ని ఒక్కదాన్నే తీసుకెళ్లవలసి వచ్చింది. వందడుగులు వెళ్లామో లేదో, అది ఒక గోడ మూల దగ్గర ఆగింది. ముందు నేలకు దగ్గరగా, తర్వాత మెల్లగా పైకి, మళ్లీ కిందికి, ఒక్కొక్క ఇటుక సందునూ వాసన చూస్తూ నాలుగు నిమిషాలైనా గడిపి ఉంటుంది. ముక్కుపుటాలు కదలడం, మధ్యమధ్య కళ్లు సగం మూయడం కనిపిస్తోంది. ఆ తర్వాత తలెత్తి, నేను ఇంకా అక్కడే నిలబడి ఉన్నానా అని చూసి, వచ్చి నా మోకాలికి భుజం ఆనించింది. అన్నేళ్లలో అది ఆ గోడ దగ్గర ఆగాలనుకుంటుందని నాకు తెలియలేదు, ఎందుకంటే చిన్నది ఎప్పుడూ బెల్టు లాగుతూ ముందుకే ఉండేది.

రాజాకు మీరు ఇవ్వగలిగినది అదే: ఎంత దూరం నడిచామన్నది లెక్కపెట్టని షికారు. వాడు ఆగిన చోటల్లా ఆగండి, ఎటు తిరిగితే అటు తిరగండి. కీళ్లు నొప్పిగా ఉంటే వీధి చివర దాకా వెళ్లి రావడమూ చాలు. ముక్కుకు పని దొరికితే కుక్క అలిసిపోయేది కాళ్లతో మాత్రమే కాదు. వానగా ఉంటే ఇంట్లోనే తాయిలం ముక్కలను నాలుగు మూలల్లో దాచి వెతకమనండి. ఫోను మాత్రం ఇంట్లో వదిలి వెళ్లండి. కుక్క వీపు మీద చెయ్యి, తెర మీద కళ్లు పెట్టి కూర్చునే అలవాటు మనకందరికీ ఉంది. నేను దానికి అతీతుణ్ణని చెప్పలేను.

వెన్నెలకు రాత్రి పొద్దుపోయాక సమయం ఇవ్వండి. కుక్కలిద్దరూ నిద్రకు పడిన తర్వాత, తలుపు వేసిన గదిలో. పిల్లితో సమయమంటే చాలామంది ఒళ్లో కూర్చోబెట్టుకోవడమే అనుకుంటారు. పిల్లి ఒంటరిగా, చిన్న చిన్న ప్రాణులను రోజుకు పలుమార్లు వేటాడి బతికే జంతువు. ఆ వేటలోని అంచెలు, అంటే చూపు నిలపడం, పొంచి కదలడం, దూకడం, పట్టడం, తినడం, అన్నీ జరిగినప్పుడే దానికి తృప్తి. కర్రకు దారంతో ఈక కట్టిన బొమ్మను దాని ముఖం ముందు ఊపకండి. ఏ ఎలుకా పిల్లి ముఖం దగ్గరికి రాదు. తలుపు వెనుకనుంచి మంచం కిందికి, కనిపించీ కనిపించకుండా లాగండి. ఐదు నుంచి పది నిమిషాలు ఆడించి, చివర్లో బొమ్మ దాని పంజాల్లో చిక్కేలా చేసి, వెంటనే చిన్న ముద్ద తిండి పెట్టండి. మొదటి రెండు రోజులు బీరువా మీద కూర్చునే చూస్తుండవచ్చు. చూడడమూ ఆటే, ఆగండి.

నిమరడం విషయంలో చొరవ దానికే వదలండి. వేలు చాచి దాని ముక్కుకు కొంచెం దూరంలో ఉంచండి. చెంప రాస్తే బుగ్గలు, గడ్డం కింద, చెవుల మొదళ్లు మెల్లగా గోకండి, మూడు లెక్కపెట్టి చెయ్యి తీయండి. మళ్లీ తల తోస్తే కొనసాగించండి, తల తిప్పుకుంటే అది చాలన్నట్టే. తోక మొదలూ పొట్టా చాలా పిల్లులకు నచ్చవు. మాట్లాడకుండా పలకరించే దారి కూడా ఒకటుంది: కళ్లు సగం మూసి, నిదానంగా రెప్పలు వాల్చడం. ఇంగ్లండులోని ససెక్స్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2020లో ప్రచురించిన ప్రయోగంలో, మనుషులు ఇలా రెప్పలు వాల్చినప్పుడు పిల్లులు తిరిగి అలాగే చేశాయి, అలా చేసిన అపరిచితుల దగ్గరికి రావడానికి ఎక్కువ మొగ్గు చూపాయి. గదికి అవతలి మూలనుంచి కూడా ఇవ్వగలిగిన ఆప్యాయత ఇది; బీరువా మీది పిల్లికి ఇంతకంటే అనువైనది లేదు.

ఆ బీరువాను మీరు సమస్యగా రాశారు. నాకు అది వెన్నెల కనుగొన్న పరిష్కారంగా కనిపిస్తోంది. దాన్ని అక్కడినుంచి దించే ప్రయత్నం మానండి. పైన మెత్తటి గుడ్డ వేయండి, దిగకుండానే మరో గదిలోకి వెళ్లేలా అల్మరాలూ బల్లలూ అంచెలంచెలుగా జరపండి, తిండిగిన్నె ఎత్తు మీద పెట్టండి. లిట్టర్ ట్రేలు పిల్లుల సంఖ్యకంటే ఒకటి ఎక్కువ ఉండాలని పశువైద్యులు చెబుతారు. అంటే వెన్నెల ఒక్కతే అయినా రెండు కావాలి, రెండూ వేర్వేరు చోట్ల. ట్రేలో కూర్చున్న పిల్లి ముందు కుక్కపిల్ల వచ్చి దారికి అడ్డంగా నిలబడడం ఒక్కసారి జరిగినా చాలు, అది ఆ ట్రే వంక మళ్లీ చూడకపోవచ్చు. పక్క తడవడానికి అసలు కారణం ఇదే కావచ్చు కూడా. కాబట్టి పిల్లి దూరగలిగి కుక్క దూరలేని సందు ఒకటి వదలండి.

మీ గంటన్నరలో లెక్కకు రాని సమయం ఇంకా ఉంది. బొచ్చు దువ్వడం, గోళ్లు చూడడం, చెవులు తుడవడం ఎలాగూ చేస్తారు; వాటిని ఒక్కొక్కరికి తలుపు వేసి, తొందర లేకుండా చేస్తే అవే విడి పలకరింపులు. ముగ్గురికీ తమ తమ పేర్లు నేర్పడమూ అంతే. "రాజా" అన్నప్పుడు రాజాకు మాత్రమే తాయిలం. బుజ్జి దూసుకొస్తే దానికి ఏమీ ఇవ్వకుండా, వెంటనే "బుజ్జీ" అని దాని పేరు పిలిచి ఇవ్వండి. కొద్ది రోజుల్లో పక్కవారి పేరు వినిపిస్తే తన వంతు కూడా వస్తుందని కుక్కలకు తెలిసిపోతుంది. ఎవరి చాప మీద వాళ్లు కూర్చుని వంతు కోసం ఆగడం ఇక్కడినుంచే మొదలవుతుంది. అప్పుడు ఇద్దరూ ఒకే గదిలో ఉన్నా మీరు ఒకరితో ఉండగలుగుతారు.

బుజ్జికి కూడా రాజా లేని లోకం కొంత అవసరం. ఎప్పుడూ పెద్ద కుక్క తోకపట్టుకుని పెరిగిన పిల్లకుక్క, అది పక్కన లేనప్పుడు బెదిరిపోతుంది. మనిషి మాటకంటే ఆ కుక్క కదలికనే చూసి నడుస్తుంది. రోజుకు ఒక్కసారైనా దాన్ని ఒంటరిగా బయటికి తీసుకెళ్లమన్నది అందుకే.

ఒక జాగ్రత్త. రాజా ఒళ్లు బిగబట్టి కదలకుండా నిలబడడం, కంటి తెలుపు కనిపించేలా ఓరగా చూడడం, తిండి లేకుండానే పెదవులు నాక్కోవడం, నిద్ర వేళ కాకుండా ఆవులించడం చూస్తే వెంటనే బుజ్జిని పక్కకు పిలవండి. గుర్రుమంటే వాడిని మాత్రం కోప్పడకండి. గుర్రు హెచ్చరిక, దాన్ని దండించి అణిచేస్తే మిగిలేది హెచ్చరిక లేని కాటు. ఎముకలూ నమిలే బొమ్మలూ ఇద్దరికీ వేర్వేరు గదుల్లోనే ఇవ్వండి. రక్తం వచ్చేదాకా కొట్లాట జరిగితే ఇంటి చిట్కాలతో ఆగకుండా, జంతువుల ప్రవర్తన తెలిసిన పశువైద్యుల దగ్గరికి వెళ్లండి.

తప్పు చేశారా అని అడిగారు. బుజ్జిని తేవడం తప్పని నేను అనలేను. అడగనిదే అమ్మైనా పెట్టదన్నట్టు, ఈ నాలుగు నెలలూ అడగగలిగిన బుజ్జికి అన్నీ అందాయి, అడగలేని ఇద్దరికీ అందలేదు; ఏ ఇంట్లోనైనా కొత్తొక వింత, పాతొక రోత అయ్యేది ఇలాగే, ఎవరూ కావాలని చేయకుండానే. అన్ని సాయంత్రాలూ ముగ్గురికీ న్యాయం జరగదు. ఒక రోజు వెన్నెల ఆట తప్పితే మర్నాడు ఆడించండి. రాజా షికారు మాత్రం వరుసగా రెండు రోజులు తప్పనివ్వకండి.

వైద్యుల దగ్గరికి వెళ్లివచ్చిన మర్నాడే మొదలుపెట్టవచ్చు. మొదటి రోజు రాజా గుమ్మం దాకా వచ్చి, బుజ్జి వస్తుందేమోనని వెనక్కి తిరిగి నిలబడిపోతే, బెల్టు లాగకండి. తలుపు తెరిచి ఉంచి మీరూ నిలబడండి.